మొదటి బండ

మా యారాలు పోయింది. పోయిన నెల ధర్మవరంలో తమ్మునింట్లో మనవరాలికి పేరు పెడతాండారని పోయి, పొద్దన్నే కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకొని అట్లే పోయిందంట. ఆ మాట నాకు చెప్పింది ఎవరనుకుంటారు? పెనుకొండలో కాపురముండే నా కూతురు. దానికి ధర్మవరమోళ్లు ఫోను చేసినారు. నా కడుపున పుట్టినదానికి ముందు తెలిసి, ఇన్నేండ్లు ఆమె పక్కబండ మీద గుడ్డలుతికిన నాకు వెనక తెలిసింది. నేను హిందూపురం రేవు కాడికి ఉరుక్కుంటా పోతే, ఆడ టీ అంగడామె అప్పటికే కండ్లు తుడుచుకుంటాంది. "నీకు ఇప్పుడా తెలిసింది?" అనింది నన్ను చూసి. చావు కబురుకు కూడా నన్ను వరసలో చివర నిలబెట్టి పోయిందే అని ముందు కడుపు మండె. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

యారాలంటే తోటికోడలు. మా బావ పెండ్లాము. పోయినోళ్ల గురించి నాలుగు మంచిమాటలు రాయాల, నువ్వు రాయమ్మా, నీకంటే ఆమెను ఎక్కువ ఎరిగినోళ్లు ఎవరు, అని నా కూతురే కూచోబెట్టింది. రాస్తా. అయితే నాకు ఆమె మీద కుళ్లు ఉండాది. అది కూడా రాస్తా. అది తీసేసి రాస్తే, ఎవరో వేరే మనిషి గురించి రాసినట్ల ఉంటాది.

రేవు అని మేము అంటాం గాని, మాది ఏటిగట్టు కాదు. పెద్దోళ్ల కాలంలో ఎప్పుడో కట్టిన దోబీఘాట్. ఒక మూల బోరునీళ్లు పడే తొట్టి. ఆ తొట్టి నుంచి బారుగా కాలువ. కాలువ పొడుగునా వరసగా బండలు, ఒక్కో బండ ముందర ఒక్కో గుంట. నీళ్లు మొదటి గుంట నిండి రెండోదాంట్లోకి దిగతాయి, అది నిండి మూడోదాంట్లోకి. జాడించేదానికి అవతల వేరే తొట్టి ఉండాది. అంటే మొదటి బండ కాడ నిలబడినోళ్లకు కొత్త నీళ్లు, కింద ఉండేవోళ్లకు వాళ్లు వాడి ఇడిచిన నీళ్లు. మొదటి బండ మా యారాలిది. రెండో బండ నాది. ఇంగ మీకు అర్థమై ఉంటాది.

నేను రొళ్ల కాడ పల్లె నుంచి కొత్తపెండ్లికూతురుగా వచ్చినప్పుడు మొదటి బండ మా అత్తది, రెండోది యారాలిది. నేను రేవులో కాలు పెట్టిన వారానికే మా అత్త మోకాళ్ల నొప్పులని ఇంట్లో కూచుండె. ఆ పొద్దు యారాలు తన గుడ్డల మూట ఎత్తుకొనిపోయి మొదటి బండ మీద పెట్టింది. తన పాత బండను చేత్తో తట్టి, "రా మ్మే, ఇంగ ఇది నీది" అనింది. పెద్దకోడలు గదా, ఎవరూ నోరెత్తలేదు. నేను మనసులో అనుకున్నా: చూడు, అత్త లేచిందో లేదో, ఎంత బిరిన ఎక్కి కూచుండెనో! ఆ పొద్దు మొదలైంది నా కడుపుమంట. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందని ఊరికే అనలేదు పెద్దోళ్లు.

ఆమె మాత్రం నవ్వేది కూడా కాదు, అదే నాకు ఇంకా మంట. దవడన ఆకువక్క పెట్టుకొని, కొంగు నడుముకు చుట్టి బిగించి, గమ్మున పని చేసుకుంటాండె. మూట విప్పగానే ఒక్కో గుడ్డా ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసేది. "ఈ ఇంట్లో పిల్లోనికి జ్వరం తగిలినట్లుండాది, పోయేటప్పుడు అడగాల" అనేది. అడిగేది కూడా. అందుకే ఊర్లో ఎవరింటికి పోయినా, "మీ పెద్దామె బాగుండాదా?" అనే అడుగుతారు. ఎదురుగా నిలబడింది నేను. నేను బాగుండానా లేదా ఒక్కరూ అడగరు.

రేవు అంటే మీరు గుడ్డలు ఉతికే చోటు అనుకుంటారు. మా ఆడోళ్లకు అది కచేరీ, ఆసుపత్రి, పుట్టినిల్లు, అన్నీ. కొట్లాడుకున్న మొగుడూపెండ్లాలు ఒకరి మీద ఒకరు చెప్పుకునేదానికి ఈడికే వస్తారు. కొత్తగా కడుపుతో ఉండేవాళ్లు పులుపు తినేదానికి ఈడికే వస్తారు. వచ్చినోళ్లంతా నేరుగా మొదటి బండ కాడికే. నా బండ దాటుకొనే పోవాల గదా! దాటుకుంటా నా గుంటలో కాలు పెట్టి, మట్టి కడుక్కొని మరీ పోయేవోళ్లు. ఒకసారి మూడో బండ ఆమె, మొగునితో మాటామాటా అనుకొని, గుడ్డలు పిండతా పిండతా ఏడుస్తాండె. మా యారాలు పోయి ఆమె చేతిలో చీర లాక్కొని, "చాలు మ్మే, ఇంకా పిండితే నూలు ఏడుస్తాది" అనింది. అంతే, ఆయమ్మ నవ్వింది. ఇంగ రేవంతా ఆ మాటే. పిల్లల్ని గదమాయించినా, అప్పులోళ్లు ఇంటి మీదికొచ్చినా, "చాలప్పా, నూలు ఏడుస్తాది" అనేది అందరికీ వాడుకైపాయె. నేను కూడా ఎన్నో మాటలు అన్నా ఆ రేవులో. ఒక్కటి నిలిచిందా?

పట్టుచీరలు కూడా ఆమెకే. ధర్మవరంలో పుట్టిన మనిషి, పట్టు సంగతి ఆమెకు తెలిసినట్ల ఎవరికి తెలుస్తాది అని అంగళ్లోళ్ల ఇండ్లల్లో పేరు. ఒకసారి బట్టలంగడి శెట్టెమ్మ ఆటోలో దిగింది, చేతిలో పెండ్లి చీర. ఆయమ్మకు దగ్గరగా ఉండేది నేను. చెయ్యి చాపినా. "నీకు కాదులేమ్మా, పెద్దామెకు" అని నా చేతి మీదుగా చీర అవతలికి పోయింది. నా మొగం ఏమైందో ఏమో, మా యారాలు చూసింది. "మ్మే, ఇట్ల రా. ఈ అంచు రంగు ఇడిచేట్లుండాది, నువ్వు అంచు తడవకుండా పైకెత్తి పట్టుకో, నేను చీర ఒడలు తడుపుతా" అనింది. పట్టుకున్నా. శెట్టెమ్మ ముందర ఇద్దరమూ కలిసి చేసినట్ల చూపించింది. పేరు ఆమెకు, అంచు నాకు. జాలిపడి ఇచ్చింది ఎంత మంచిదైనా గొంతు దిగదు.

ఇంగ నా కూతురి సంగతి. దాన్ని నేను కన్నా, ఆమె పెంచింది అంటారు జనం. నేనొప్పుకోను. అయితే అది పెద్దమనిషైన పొద్దు నా కాడికి వచ్చి, చెవిలో చెప్పి, నా ఒళ్లో మొగం పెట్టుకుండె. అమ్మకు ముందు చెప్పింది బిడ్డ అని ఎంత మురిసిపోయినానో! ఏండ్లు పోయినాక, దాని పెండ్లప్పుడు ఏదో మాట మీద నవ్వుకుంటా చెప్పేసింది. ముందు చెప్పింది పెద్దమ్మకంట. పెద్దమ్మే, "పోయి మీ అమ్మకు చెప్పు, నాకు చెప్పినట్ల చెప్పొద్దు, ఆమెకే ముందు చెప్పినట్ల చెప్పు" అని పంపిందంట. పెండ్లి పందిట్లో నిలబడి ఆ మాట విన్నా. ఎవరి మీద కోపం చేసుకోవాలో తెలియక వంటమనిషి మీద పడినా, సాంబారులో ఉప్పు లేదని. ఉప్పు సరిగానే ఉండాది.

ఇన్నింటిలో నాకూ ఒక గెలుపు ఉండె. నురగ.

నా చేతిలో సబ్బు పలికినట్ల రేవులో ఎవరి చేతిలోనూ పలికేది కాదు. గుడ్డ బండ మీద పరిచి రెండు రుద్దులు రుద్దితే, తెల్లగా, లావుగా, మోచేతి దాకా పొంగేది. మా ఊర్లో వంకనీళ్లకు కూడా అట్లనే పొంగేది, కాబట్టి చిన్నప్పటి నుంచే నాకు ఆ చెయ్యి ఉండాదని నా నమ్మకం. మా యారాలు పక్కన నిలబడి ఎంత రుద్దినా పలచగా తెట్టె కడతాండె గాని నురగ లేదు. నా సబ్బు ఇంకా మందంగా ఉండంగానే ఆమెది అరిగిపోయి వేలిగోరంత అవుతాండె. "ఏమక్కా, సబ్బు తింటాండావా ఏంది?" అని నేను అందరికీ వినబడేట్ల అంటాంటి. రేవంతా నవ్వేది. ఆమె నా చేతుల పక్క చూసి, "అది చెయ్యి వాటం లే మ్మే. దేవుడు ఇచ్చినోళ్లకు ఇచ్చె" అనేది. ఆ మాట అన్న పొద్దు నాకు ఇంటికి పోయినాక సంగటి ఒక ముద్ద ఎక్కువ దిగేది. ఊరు, పేరు, పట్టుచీరలు, నా కూతురు, అన్నీ ఆమెవే పోనీ. ఇది నాది.

ధర్మవరం నుంచి ఆమెను తీసుకొచ్చి ఇంటి ముందర పడుకోబెట్టినప్పుడు చూడాల జనాన్ని! లాడ్జిలోళ్లు వచ్చిరి, హోటలాయన దండ తెచ్చె, శెట్టెమ్మ కారులో వచ్చి అరుగు మీద కూచొని ఏడ్చె. ముదిగుబ్బ నుంచి ఎవరో ముసలామె బస్సు మారి వచ్చింది. ఆయమ్మ ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎప్పుడో ఈ ఊరి ఆసుపత్రిలో కాన్పు అయితే మా యారాలు గుడ్డలుతికి ఇచ్చిందంట. నేను ఆమె కాళ్ల కాడ కూచొని ఏడుస్తానే జనాన్ని చూస్తాండా. నాకు ఇంతమంది వస్తారా అని. పక్కన మా ఇంటాయన ఉండాడు. నా చూపు ఆయనకు తెలుసు.

"నీకు కూడా వస్తార్లే" అన్నాడు మెల్లగా.

"అయితే చచ్చి చూడమంటావా?" అన్నా.

"ఈ పొద్దన్నా నోరు మూసుకో తల్లీ" అని కండ్లు తుడుచుకుండె. ఆయనకు కూడా ఒదిన అంటే ప్రాణం. చూడండి, ఆయన కూడా!

మా రేవులో ఒక కట్టుబాటు ఉండాది. బండ మనిషి పోతే దినాలయ్యేదాకా ఆ బండ మీద నీళ్లు పడనియ్యం, ఆ ఇంటోళ్లం ఎవరమూ రేవులో దిగం. పదకొండోనాడు బండకు పసుపు పూసి, పోయినోళ్లు చివరగా కట్టి ఇడిచిన చీర దాని మీద ఉతకాల. సబ్బు పెట్టకూడదు, వట్టి నీళ్లే. ఎవరు ఉతికితే ఇంగ బండ వాళ్లది. ఆ తర్వాత ఎవరూ ఎదురు చెప్పకూడదు.

ఆ పదకొండు దినాలూ నాకు నిద్ర లేదు. మా యారాలికి కోడలు ఉండాది. గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోతాండె, ఇంగ అది మానుకొని రేవుకు వస్తా అనింది. అత్త బండ కోడలికే పోవాల అనే న్యాయం ఒకటి. వయసులో పెద్ద ఎవరో వాళ్లకే పోవాల అనేది ఇంకొకటి. రేవులో రెండూ జరిగినాయి ముందు. నేను ఆ మొదటి బండ కోసం ఇన్నేండ్లు ఆమె మురికినీళ్లలో నిలబడినా. నిన్న మొన్న వచ్చిన పిల్ల ఎక్కి కూచుంటే నేను మళ్లా దాని నీళ్లలో నిలబడాల్నా? ఆ మాటలన్నీ నూరుకొని, పదును పెట్టుకొని పోయినా పదకొండోనాడు.

రేవు పెద్దాయన పసుపు పూసి, టెంకాయ కొట్టి, "ఎవరమ్మా ఉతికేది?" అన్నాడు. నేను నోరు తెరిచే లోపలే ఆ పిల్ల చీర ఎత్తి నా చేతుల్లో పెట్టింది. లేత పసుపుపచ్చ నూలుచీర. ఆకువక్క వాసన పోలేదు ఇంకా.

"నువ్వే ఉతుకు చిన్నత్తా" అనింది. "అత్త ఎప్పుడో చెప్పింది నాకు. నా తర్వాత ముందర బండ మీ చిన్నత్తది, నువ్వు రెండోదాని కాడ నిలబడు అని. ఒకసారి కాదు, చానాసార్లు చెప్పింది."

కొట్లాడేదానికి పోయినదాన్ని. కొట్లాట లేకపాయె. ఆ చీర బండ మీద పరిచి నీళ్లు పోసి ఉతకతా ఉతకతా ఏడ్చినా, గట్టిగానే ఏడ్చినా. అందరూ అనుకున్నారు, యారాండ్లంటే ఇట్ల ఉండాల అని. ఇన్నేండ్లకు ఆమె నన్ను లెక్కలో పెట్టుకుండాదని నాకు అప్పుడు తెలిసింది. అప్పుడు తెలిసింది అనుకున్నా.

మర్నాడు పొద్దన్నే పోయినా. మొదటి బండ! తొట్టిలో నుంచి నీళ్లు నేరుగా నా గుంటలో పడతాండాయి, అద్దం మాదిరి. అడుగున నా కాళ్ల వేళ్లు కనబడతాండాయి. నా పాత బండ మీద ఆ పిల్ల మూట దించుకుంటాంది. నేను లాడ్జి దుప్పటి బండ మీద పరిచి సబ్బు రుద్దినా.

పలకలేదు.

ఇంకా రుద్దినా. తెట్టె కట్టె, బండకు అంటుకొనె, నురగ లేదు. సబ్బు మంచిది కాదు అనుకొని ఇంకొకటి విప్పినా. అదీ అంతే. మా యారాలు ఊరికి పోయిన ప్రతిసారీ నా సబ్బు ఇట్లనే మొండికేస్తాండె, అది గుర్తుకొచ్చె. అప్పుడంతా నేను సబ్బంగడాయన మీదికి పోయి, "దొంగసరుకు అమ్ముతాండావా, నా దుడ్లు నాకియ్యి" అని నడిబజార్లో తిట్టి వచ్చేదాన్ని. ఆమె ఊరి నుంచి వచ్చినాక అదే సబ్బు మళ్లా పొంగేది. సబ్బాయన భయపడి మంచిది పంపినాడు అనుకుంటాంటి. ఆ పిచ్చి మారాజు నన్ను చూస్తే ఇప్పటికీ అంగట్లో లోపలికి పోతాడు.

పక్కకు తిరిగి చూసినా. ఆ పిల్ల గుంటలో, నా పాత గుంటలో, తెల్లగా, లావుగా పొంగుతాంది.

మా బోరువి ఉప్పునీళ్లు. ముందు దిగిన సబ్బును ఆ ఉప్పే మింగేస్తాది. మొదటి బండ కాడ ఒకరు నిలబడి సబ్బు అరగదీసి, అరగదీసి, ఆ నీళ్లను మెత్తగా చేసి కిందికి పంపితేనే రెండో బండ కాడ నురగ. మూడోదాని కాడికి పోయేసరికి ఆ నీళ్లకు మురికి ఎక్కి నురగ చచ్చిపోతాది. నా చెయ్యి కాదు. ఏ పొద్దూ నా చెయ్యి కాదు. కొత్తపెండ్లికూతురిని చేసి నన్ను తెచ్చినప్పుడు ఆమె రెండో బండ సుఖం ఎరిగిన మనిషే. అది నాకిచ్చి, తను పోయి ఉప్పునీళ్లలో నిలబడింది. నేను "సబ్బు తింటాండావా" అని పదిమందిలో నవ్వుతాంటే, చెయ్యి వాటం అని చెప్పి ఊరుకుండె.

ఒక్కమాట చెప్పింటే నీదేం బోయేదక్కా?

కృతజ్ఞత అని రాయమంటాది నా కూతురు. ఉండాది, లేదనను. ఉప్పునీళ్లకు పగిలిన ఆమె చేతులు కండ్ల ముందర కనబడతానే ఉండాయి. అయితే దాని పక్కనే కుళ్లు కూడా ఉండాది, ముందుకంటే ఎక్కువ. నాదని నేను పెట్టుకున్నది ఒక్కటి. చచ్చినాక అది కూడా లాక్కొనిపోయింది. మంచితనంలో కూడా నన్ను దాటుకొని, ఇంగ ఎప్పటికీ అందకుండా ముందర పోయి నిలబడింది. ఇంకో అనుమానం కూడా చెప్తా. ఆ మొదటి బండ నాకిచ్చింది నా మీద ప్రేమతోనేనా? లేకపోతే కోడలు సుఖంగా ఉండాల, ఉప్పునీళ్లు చిన్నదానికి పోనీ అని ఇచ్చిందా? అడుగుదామంటే మనిషి లేదు. రాత్రి పడుకున్నా అదే, పొద్దన లేచినా అదే.

ఆ పొద్దు బండ కాడ ఈ ఆలోచన మొదలైందో లేదో, ఆ పిల్ల అరిచింది.

"చిన్నత్తా! ఓ చిన్నత్తా! ఇట్ల చూడు, నా చేతికి ఎంత నురగ వస్తాందో! మా అత్తకు ఏ పొద్దన్నా ఇట్ల వచ్చిందా?"

మా యారాలైతే చెయ్యి వాటం లే మ్మే అని ఊరుకుండును. నేను ఆమెను కాదు గదప్పా.

"నీ చెయ్యి కాదే పిచ్చిదానా!" అని అరిచినా. "అది నా సబ్బు! నేను ఈడ అరగదీస్తే ఆడ నీకు పొంగుతాంది! ఇన్నేండ్లు మీ అత్త సబ్బుతో నేను పొంగినా, ఇప్పుడు నా సబ్బుతో నువ్వు!"

రేవంతా గుడ్డలు బాదేది ఆపి నా పక్క చూసింది. మూడో బండ ఆమె ముందు నవ్వింది. ఆమె వెనకాల నాలుగు, ఐదు, వరసంతా నవ్వు. ఆ పిల్ల కూడా, కోపం లేకుండా, ముద్దుగా నవ్వి, "మా చిన్నత్తకు కుళ్లు" అనింది అందరితో.

చెప్పింది నిజం. చెప్పింది నేను. ఒక్కరూ నమ్మలేదు.

సబ్బు తీసుకొని దుప్పటి మీద ఒంగి రుద్దుతా పోయినా. బిళ్ల కరిగి పలచగా తెల్లనీళ్లయి, నా గుంట నిండి, గట్టు దాటి పక్కకు దిగతాంది. పక్కన ఆ పిల్ల మోచేతుల దాకా నురగ పూసుకొని, రెండు చేతులూ పైకెత్తి, కిందిబండల ఆడోళ్లకు చూపిస్తా నిలబడుకొని ఉండాది.